కొత్త ఇల్లు కొంటున్నారా? వంటింట్లో ముందు పొగ సంగతి చూడండి

క్యారీ, మోరిస్‌విల్, ఏపెక్స్ చుట్టుపక్కల మనవాళ్ల గృహప్రవేశానికి వెళ్తే వ్రతానికీ భోజనాలకీ మధ్య ఇంకో కార్యక్రమం ఉంటుంది. అదే ఇల్లు చూపించడం. ఆ చూపించడం ఏ గదిలో మొదలైనా ఆగేది మాత్రం వంటింట్లోనే. ఐలాండ్ ఎన్ని అడుగులు, కౌంటర్ గ్రానైటా క్వార్ట్జా, స్టవ్ గ్యాసా ఇండక్షనా, ఓవెన్లు ఎన్ని. ఆడవాళ్లు డ్రాయర్లు తీసి చూస్తారు, మగవాళ్లు ఫ్రిజ్ ధర అడుగుతారు. మా గృహప్రవేశం నాడు నేనూ అలాగే మురిసిపోతూ అందరికీ చూపించాను. స్టవ్ మీద పొగ ఎటు పోతుందని ఒక్కరూ అడగలేదు. నేనూ బిల్డర్‌ని అడగలేదు.

మూడు నెలల తర్వాత తెనాలి నుంచి అత్తయ్య వచ్చారు. వచ్చిన రెండో రోజే కారప్పొడి కొడదామని ఎండుమిరపకాయలు వేయించడం మొదలుపెట్టారు. అయిదు నిమిషాల్లో ఇంట్లో ఉన్న స్మోక్ అలారాలన్నీ ఒక్కసారి మోగాయి. మేడ మీద నిద్రపోతున్న చిన్నది లేచి ఏడుపు. అందరికీ దగ్గు. స్టవ్ పైనున్న మైక్రోవేవ్ ఫ్యాన్ గట్టిగా వేస్తే ఆ ఘాటంతా వేడిగాలిలా నా మొహానికే కొట్టింది. అప్పుడు అర్థమైంది, ఆ ఫ్యాన్‌కి బయటికి దారే లేదని. కింద పీల్చిన పొగని పైనుంచి మళ్లీ ఇంట్లోకే వదులుతోంది.

ఆ వారంలోనే మా పెద్దమ్మాయి, "అమ్మా, పొద్దున పూట పోపు పెట్టకు. నా జాకెట్ వాసనొస్తోందని బస్సులో అన్నారు" అంది. అత్తయ్య విన్నారు, ఏమీ అనలేదు. మర్నాడు గరాజ్‌లోంచి ఏదో చప్పుడు వస్తుంటే వెళ్లి చూశాను. కారు పక్కన ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని, చిన్న కరెంటు పొయ్యి మీద దొండకాయ వేపుడు చేస్తున్నారు. "ఇంత పెద్ద వంటిల్లు కట్టుకుని పొయ్యి షెడ్డులో పెట్టుకున్నారేమిటే అమ్మాయ్" అని నవ్వారు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఉన్న ఆరు నెలల్లో ఆవిడ మళ్లీ లోపల ఒక్క వేపుడు చేయలేదు.

ఆ వంటింటిని సరిచేసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో ఎలక్ట్రీషియన్లనీ, హుడ్ బిగించేవాళ్లనీ, మా పాట్‌లక్ బ్యాచ్‌లో బాగా వండేవాళ్లనీ అడిగి తెలుసుకున్నవన్నీ ఒకచోట రాస్తున్నాను. కొత్త ఇల్లు కడుతున్నవాళ్లకీ, కొంటున్నవాళ్లకీ, అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకీ పనికొస్తాయి.

పొగకి దారి

స్టవ్ మీద ఉండే ఫ్యాన్లు రెండు రకాలు. ఒకటి గాలిని గొట్టం ద్వారా ఇంటి బయటికి పంపేది. రెండోది ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్లీ ఇంట్లోకే వదిలేది. రెండోదాంట్లో జాలీ కొంత నూనె పట్టుకుంటుంది, బొగ్గు ఫిల్టర్ కొంత వాసన పట్టుకుంటుంది. ఆవిరినీ, వేడినీ, గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్‌నీ బయటికి పంపదు. పాస్తా ఉడకబెట్టుకునే ఇంటికి అది సరిపోవచ్చు. రోజుకి రెండుసార్లు పోపు, వారానికి నాలుగు వేపుళ్లు ఉండే మన ఇంటికి సరిపోదు.

మీ ఇంట్లో ఏది ఉందో తెలుసుకోవడం తేలిక. ఫ్యాన్ హైలో పెట్టి మైక్రోవేవ్ పైఅంచు దగ్గర, ముందువైపు చెయ్యి పెట్టండి. గాలి చేతికి కొడితే అది తిప్పి వదిలే రకం. పై కేబినెట్ తలుపు తీసి చూడండి, లోపల రేకు గొట్టం కనిపిస్తే బయటికి పోయే రకం. ఒక్కోసారి గొట్టం ఉన్నా ఫ్యాన్‌ని దానివైపు తిప్పి బిగించరు. చాలా మైక్రోవేవ్‌లు ఫ్యాక్టరీ నుంచి గాలిని లోపలికే వదిలేలా వస్తాయి, బిగించేటప్పుడు బ్లోయర్‌ని తిప్పి పెట్టాలి. అలా ఉంటే మీ సమస్య సగం తీరినట్టే.

ఫ్యాన్ బలాన్ని ఇక్కడ సీఎఫ్ఎంలో చెబుతారు. అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలిని లాగుతుందని. ఇండియా చిమ్నీల మీద గంటకి ఘనపు మీటర్లలో రాస్తారు. ఆ అంకెని 1.7తో భాగిస్తే సీఎఫ్ఎం వస్తుంది. అక్కడ 1200 అని రాసి ఉన్నది ఇక్కడి లెక్కలో 700 పైచిలుకు. గోడకి ఆనుకున్న స్టవ్‌కి అడుగు వెడల్పుకి 100, ఐలాండ్ మీద స్టవ్‌కి అడుగుకి 150 చొప్పున ఉండాలని హోమ్ వెంటిలేటింగ్ ఇన్‌స్టిట్యూట్ సూచిస్తుంది. 30 అంగుళాల స్టవ్ గోడ దగ్గరుంటే 250, ఐలాండ్ మీదుంటే 375. గ్యాస్‌కి ఇంకో వాడుక లెక్క ఉంది. బర్నర్లన్నిటి బీటీయూలు కలిపి 100తో భాగించాలి. మొత్తం 60,000 అయితే 600 సీఎఫ్ఎం.

అలా అని పెద్ద ఫ్యాన్ కొనేస్తే పని అయిపోదు. అమెరికాలో చాలాచోట్ల ఆధారంగా తీసుకునే నివాస గృహాల కోడ్‌లో 400 సీఎఫ్ఎం దాటిన హుడ్‌కి, బయటికి పోయినంత గాలి లోపలికి రావడానికి వేరే ఏర్పాటు ఉండాలన్న నియమం ఉంది. దాన్నే మేకప్ ఎయిర్ అంటారు. కారణం సులువే. ఇప్పటి ఇళ్లు సందుల్లేకుండా కడుతున్నారు. లోపలి గాలిని బలంగా లాగేస్తే ఆ లోటు పూడ్చుకోవడానికి గ్యాస్ వాటర్ హీటర్ గొట్టంలోంచి పొగ వెనక్కి ఇంట్లోకి రావచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రాష్ట్రాలు ఈ కోడ్‌కి సవరణలు చేసుకుంటాయి కాబట్టి హుడ్ కొనేముందే టౌన్ పర్మిట్ ఆఫీసులో అడగండి. నేను 400 లోపే తీసుకున్నాను, మా వేపుళ్లకి అది చాలుతోంది.

సీఎఫ్ఎం కంటే ముఖ్యమైనవి ఇంకో మూడున్నాయి. మొదటిది హుడ్ ముందు బర్నర్ల మీదికి కూడా వచ్చిందా లేదా అన్నది. పైన మైక్రోవేవ్ ఉంటే లోతు తక్కువ కాబట్టి ముందు బర్నర్ల పొగ దానికి అందదు. అందుకే అలాంటి ఇళ్లలో పోపు, వేపుడు వెనక బర్నర్ మీద చేయాలి. పైసా ఖర్చు లేని మార్పు ఇది. రెండోది గొట్టం. నున్నటి రేకు గొట్టం, తక్కువ వంపులు, చివర మూత. అది ఇంటి బయటికే తెరుచుకోవాలి, అటక మీద వదిలేయకూడదు. మూడోది చప్పుడు. దాన్ని సోన్‌లలో కొలుస్తారు. ఒక సోన్ అంటే నిశ్శబ్దంగా నడిచే ఫ్రిజ్ అంత. చప్పుడు ఎక్కువైతే ఎంత ఖరీదైన హుడ్ అయినా ఎవరూ వేయరు, కాబట్టి మామూలు స్పీడులో ఎన్ని సోన్‌లో చూసి కొనండి.

మా స్టవ్ లోపలి గోడకి ఉంది. అందుకని గొట్టాన్ని పై కేబినెట్‌లోంచి తీసి, సీలింగ్ దూలాల మధ్యగా పక్కగోడ బయటికి పంపారు. రెండు రోజుల పని. కౌంటర్‌టాప్ అప్‌గ్రేడ్‌కి మేం పెట్టినదాంట్లో మూడో వంతు కూడా కాలేదు. ఇల్లు కట్టేటప్పుడే అడిగి ఉంటే ఇంకా తక్కువలో పోయేది.

స్మోక్ అలారం సంగతి కూడా. మోగుతోందని బ్యాటరీ తీసేసేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. అలారం స్టవ్‌కి కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. 10 నుంచి 20 అడుగుల మధ్యలో ఉంటే ఫోటోఎలక్ట్రిక్ రకం గానీ, కాసేపు ఆపే బటన్ ఉన్నది గానీ పెట్టించుకోవాలి. అయొనైజేషన్ రకం పోపుకి ఊరికే అరుస్తుంది.

గ్యాసా, ఇండక్షనా?

మా బ్యాచ్‌లో ఈ చర్చ మొదలైతే టీ చల్లారిపోతుంది. గ్యాస్ వైపువాళ్ల వాదన మూడు ముక్కల్లో చెప్పొచ్చు. పుల్కా మంట మీద పొంగాలి, వంకాయ మంట మీద కాలాలి, కరెంటు పోయినా పొయ్యి వెలగాలి. ఇక్కడ హరికేన్ల రోజుల్లో మూడోది చిన్న విషయం కాదు. ఇండక్షన్ వైపువాళ్లు చెప్పేవి కూడా నిజాలే. మంట లేదు, పిల్లలున్న ఇంట్లో భయం తక్కువ, పాలు పొంగినా ఒక్క తుడుపుతో పోతుంది, గ్యాస్ కాలినప్పుడు వచ్చే వాయువుల బెడద లేదు. శక్తి వాడకంలో ఇండక్షన్ గ్యాస్ కంటే సుమారు మూడు రెట్లు మెరుగని ఎనర్జీ స్టార్ చెబుతుంది.

2023 జనవరిలో గ్యాస్ స్టవ్‌ల మీద దేశమంతా పెద్ద రచ్చ జరిగింది గుర్తుందా? ఆ రాజకీయం పక్కన పెడితే మనకి పనికొచ్చే మాట ఒకటుంది. గ్యాస్ స్టవ్ ఉంటే బయటికి పోయే హుడ్ తప్పనిసరి అనుకోండి, వేసిన ప్రతిసారీ వాడండి. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలుంటే మరీ. అలాగని ఇండక్షన్ పెట్టుకుంటే హుడ్ అక్కర్లేదనుకోకండి. మిరపకాయ ఘాటు, నూనె పొగ పాత్రలోంచి వచ్చేవి, మంటలోంచి కాదు.

ఇండక్షన్‌కి మారేముందు ఇంట్లో గిన్నెలన్నీ తీసి అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే పనిచేస్తుంది. అల్యూమినియం కుక్కర్, ఇత్తడి గిన్నె, రాగి చెంబు, మట్టి కుండ పనిచేయవు. ఇనప పెనం, అడుగు సమంగా ఉన్న స్టీలు బాండలి చక్కగా పనిచేస్తాయి. గుండ్రటి అడుగున్న మూకుడు కుదరదు. గ్యాస్ ఇంట్లో స్టవ్ వెనక సాధారణంగా 120 వోల్టుల ప్లగ్గే ఉంటుంది. ఇండక్షన్ రేంజ్‌కి 240 వోల్టులు, 40 లేదా 50 ఆంపియర్ల లైను కావాలి. కొత్త ఇల్లయితే ఇప్పుడు గ్యాస్ పెట్టుకున్నా ఆ లైను ముందే లాగించి ఉంచండి, గోడలు మూసేశాక అదే పని ఎన్నో రెట్లు ఖర్చు. ఇంకో జాగ్రత్త. మన దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకి పేస్‌మేకర్ ఉంటే వెలిగించిన ఇండక్షన్ స్టవ్‌కి రెండడుగుల దూరం పాటించాలి, డాక్టర్‌ని ముందే అడగాలి.

నేను గ్యాసే ఉంచుకున్నాను. పాలు, టీ, పప్పు కోసం ఒక చిన్న ఇండక్షన్ పొయ్యి పక్కన పెట్టుకున్నాను. ఎండాకాలం మధ్యాహ్నాలు దాని విలువ తెలుస్తుంది. ఇండియా నుంచి తెచ్చిన గ్యాస్ పొయ్యిని మాత్రం ఇక్కడి లైనుకి ఎవరూ తగిలించకండి. అది ఎల్‌పీజీ కోసం చేసింది, ఇక్కడ ఇళ్లకి వచ్చేది నేచురల్ గ్యాస్. రంధ్రాల కొలతలూ వేరు, ప్రెషరూ వేరు.

మిక్సీ, గ్రైండర్, కరెంటు లెక్క

మన వంటింట్లో నిజమైన విప్లవాలు రెండు జరిగాయి. 1955లో కోయంబత్తూరుకి చెందిన పి. సభాపతి రుబ్బురోలుకి మోటారు పెట్టి వెట్ గ్రైండర్ చేశారు. 1963లో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు సుమీత్ మిక్సీ తెచ్చారు. భార్య వాడుతున్న విదేశీ బ్లెండర్ మన రుబ్బుడికి కాలిపోవడమే దానికి ప్రేరణ అంటారు. అరవై ఏళ్ల తర్వాత అమెరికాలో మన కథ కూడా అదే. ఇక్కడి బ్లెండర్ స్మూతీ కోసం పుట్టింది, కొబ్బరి పచ్చడి కోసం కాదు.

ఇండియాలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడి నుంచి తెచ్చిన మిక్సీకి వోల్టేజ్ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 750 వాట్ల మిక్సీ అయితే దానికి రెట్టింపు, అంటే 1500 వాట్లది తీసుకోవాలి, మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది కాబట్టి. అది ఇటుకరాయంత బరువుంటుంది, కౌంటర్ మీద చోటు తింటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులని మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ని మార్చదు. మిక్సీ మోటారుకి దాంతో పెద్ద ఇబ్బంది లేదు. టేబుల్ టాప్ గ్రైండర్లలో ఉండే ఇండక్షన్ మోటారు మాత్రం 60 హెర్ట్జ్ మీద అయిదో వంతు వేగంగా తిరుగుతుంది. రాయి వేగం పెరిగితే పిండి వేడెక్కుతుంది, గ్రైండర్ ఆయుష్షూ తగ్గుతుంది. కాబట్టి గ్రైండర్ మాత్రం ఇక్కడి కరెంటుకి చేసిందే కొనాలి. ప్రీతి, విదియం మిక్సీలూ, అల్ట్రా, ప్రీమియర్ గ్రైండర్లూ 110 వోల్టుల మోడళ్లలో దొరుకుతున్నాయి. సూట్‌కేసులో పది కిలోల రాళ్లు మోసుకొచ్చే రోజులు పోయాయి.

విటామిక్స్ ఉంటే మిక్సీ ఎందుకని మావారు అడిగారు. మోటారు బలానికి వంక పెట్టలేం. కానీ దాని పెద్ద జార్‌లో నాలుగు పచ్చిమిరపకాయలు, చిన్న అల్లం ముక్క వేస్తే గోడలకి అంటుకుని కూర్చుంటాయి. చిన్న జార్ ఉన్న మన మిక్సీ ఆ పని అరనిమిషంలో చేస్తుంది. గారెల పిండికి గ్రైండర్‌కి సాటి లేదు. నీళ్లు చిలకరిస్తూ తిప్పితే పిండి వేడెక్కకుండా దూదిలా వస్తుంది. వారానికి ఒకసారైనా ఇడ్లీ, దోసె చేసే ఇంటికి గ్రైండర్ కొనుక్కోమంటాను. నెలకోసారి చేసేవాళ్లకి మిక్సీ చాలు, షాపులో పిండి ఎలాగూ ఉంది.

గ్రైండర్ పెట్టే చోటు ముందే ఆలోచించండి. కింది కేబినెట్‌లో పెడితే నడుం వంచి ఎత్తలేక ఆరు నెలల్లో దాన్ని మర్చిపోతాం. ప్యాంట్రీలో నడుమెత్తులో ఒక గట్టి అర, అక్కడే ఒక ప్లగ్. బిల్డర్‌కి ఇది చాలా చిన్న పని. నాకు వంటింట్లో అన్నిటికంటే ఎక్కువ సుఖమిచ్చింది అదే.

బ్రేకర్ ట్రిప్ అవడం గురించి ఒక లెక్క. 20 ఆంపియర్ల సర్క్యూట్ 120 వోల్టుల మీద గరిష్టంగా 2400 వాట్లు మోస్తుంది. ఎలక్ట్రిక్ కెటిల్ 1500, ఇన్‌స్టంట్ పాట్ 1000. రెండూ ఒకే సర్క్యూట్ మీద నడుస్తుండగా మిక్సీ వేస్తే చీకటే. కోడ్ ప్రకారం వంటింటి కౌంటర్‌కి కనీసం రెండు 20 ఆంపియర్ల సర్క్యూట్లు ఉండాలి. ఏ ప్లగ్ ఏ సర్క్యూట్‌దో కనుక్కుని, బరువైనవి రెండూ ఒకదాని మీద పెట్టకండి.

కుక్కర్ విజిల్, పిండి పులుపు

ఇన్‌స్టంట్ పాట్ 2010లో వచ్చింది. ఇప్పుడు మన ఇళ్లలో దేవుడి గదిలా ప్రతి ఇంట్లో ఒకటుంది. అయినా చాలామంది పాత కుక్కర్‌ని వదలలేదు. అందులో మొండితనం ఏమీ లేదు. హాకిన్స్, ప్రెస్టీజ్ లాంటి స్టవ్ కుక్కర్లు సుమారు 15 పీఎస్ఐ ప్రెషర్ మీద పనిచేస్తాయి. ఇన్‌స్టంట్ పాట్ సాధారణంగా 10 నుంచి 12 మధ్యలో ఉంటుంది. అందుకే శనగలు, మటన్ అందులో ఎక్కువసేపు పడుతుంది. ప్రెషర్ ఎక్కడానికీ దిగడానికీ పట్టే టైము వేరే. అయితే పొద్దున్నే మీటింగులో కూర్చుని పప్పు పెట్టేయొచ్చు, విజిళ్లు లెక్కపెట్టే పని లేదు. రబ్బరు రింగు సాంబారు వాసన పట్టి వదలదు. పాయసానికి, పెరుగుకి వేరే రింగు ఉంచుకోండి.

చలికాలంలో ఇక్కడ పిండి పులియదన్నది అందరి బాధ. ఓవెన్ ఆన్ చేయకుండా లోపల లైటు మాత్రం వేసి, పిండి గిన్నె పెట్టి రాత్రంతా వదిలేస్తే చాలా ఇళ్లలో పొద్దునకి పొంగుతుంది. ఓవెన్ తలుపు మీద "లోపల పిండి ఉంది" అని చీటీ అంటించడం మరిచిపోకండి. పిజ్జా కోసం మావారు ఓవెన్ వేడి చేసిన సాయంత్రం మాకు అయిదు గ్లాసుల పిండి, ఒక ప్లాస్టిక్ మూత పోయాయి. ఇన్‌స్టంట్ పాట్‌లో యోగర్ట్ బటన్ ఉంటే అదీ పనిచేస్తుంది. గిన్నె సగం మించి నింపకూడదు.

స్పైస్ కిచెన్, గరాజ్, డెక్

ఇప్పుడు కొందరు బిల్డర్లు వెనకవైపు రెండో చిన్న వంటగది ఇస్తున్నారు. స్పైస్ కిచెన్ అనో ప్రెప్ కిచెన్ అనో పేరు. మనకిది కొత్త కాదు, పెరట్లో పొయ్యి ఉండేది కదా. తలుపు మూస్తే వాసన హాల్లోకి రాదు, పండగ వంటకి హాయి. చోటూ డబ్బూ ఉంటే మంచిదే. కానీ అందులోనూ బయటికి పోయే హుడ్ లేకపోతే అది తలుపున్న పొగ గది అంతే. పైగా అక్కడ వండేవాళ్లు ఒంటరిగా వండుతారు. ఓపెన్ కిచెన్‌కి సరైన హుడ్ పెట్టించుకుంటే పిల్లల హోంవర్క్ చూస్తూ వండుకోవచ్చు. నా ఓటు దానికే.

గరాజ్‌లో వండేవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు, మా అత్తయ్య ఒక్కరే కాదు. ప్రొపేన్ పొయ్యి గానీ బొగ్గు కుంపటి గానీ గరాజ్‌లో వెలిగించకండి, తలుపు తెరిచి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, పక్కనే ఇంట్లోకి తలుపు ఉంటుంది. చేపల పులుసో, గారెలో బయట చేయాలనుకుంటే సొంత ఇంటి డెక్ మీద, గోడకి దూరంగా, గ్రిల్ పక్క బర్నర్ మీద చేసుకోండి. అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో సాధారణంగా మంటకి అనుమతి ఉండదు. టౌన్‌హోమ్ అయితే అసోసియేషన్ రూల్స్ చదవండి.

అద్దె ఇంట్లో ఉండి గొట్టం పెట్టించలేనివాళ్లు వెనక బర్నర్ వాడండి, బాండలి మీద జాలీ మూత పెట్టండి. దగ్గర్లోని కిటికీలో చిన్న ఫ్యాన్‌ని గాలి బయటికి కొట్టేలా పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ కొంచెం తీయండి. పడకగదుల, కోట్ల క్లోజెట్ తలుపులు మూసేయండి. పోపు దించాక పావుగంట ఫ్యాన్ నడవనివ్వండి. ఈ చివరిది హుడ్ ఉన్నవాళ్లకీ వర్తిస్తుంది.

కౌంటర్, సింకు, నూనె

క్వార్ట్జ్‌లో రాతిపొడిని రెజిన్‌తో అతికిస్తారు. కాలుతున్న మూకుడు నేరుగా దించితే మచ్చ పడుతుంది, మళ్లీ పోదు. తెల్ల క్వార్ట్జ్ మీద పసుపు పడితే వెంటనే తుడవాలి. గ్రానైట్ వేడికి తట్టుకుంటుంది కానీ అప్పుడప్పుడూ సీలింగ్ చేయించాలి. అల్యూమినియం కుక్కర్ డిష్‌వాషర్‌లో వేస్తే నల్లబడుతుంది, ఇనప పెనం తుప్పు పడుతుంది. సింకు ఒకటే పెద్ద తొట్టి ఉన్నది తీసుకోండి, గ్రైండర్ గిన్నె, ఇడ్లీ పాత్ర అందులో హాయిగా పడతాయి.

అప్పాలు, గారెలు వేయించిన నూనె సింకులో పోయకండి. అది చల్లారాక గొట్టంలో గడ్డకట్టి మన ఇంటికే వెనక్కి వస్తుంది. క్యారీలో ఉన్నవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. వాడిన వంటనూనెని ఇంటి దగ్గర నుంచే తీసుకెళ్లే సేవ టౌన్ నడుపుతోంది. మూత ఉన్న సీసాలో పోసి పెట్టుకుని, 311కి ఫోన్ చేసి అడిగితే వివరాలు చెబుతారు.

బిల్డర్ దగ్గర సంతకం పెట్టేముందు

వాస్తు చూసేవాళ్లు స్టవ్ ఆగ్నేయంలో, తూర్పు ముఖంగా ఉందా అని చూస్తారు. చూడండి, తప్పులేదు. దాంతోపాటు ఇవి కూడా అడగండి.

1. స్టవ్ పైన ఫ్యాన్ గాలి ఇంటి బయటికి పోతుందా? గొట్టం ఎటునుంచి వెళ్తుంది, ఎన్ని వంపులున్నాయి?
2. ఫ్యాన్ ఎన్ని సీఎఫ్ఎం, ఎన్ని సోన్‌లు? ముందు బర్నర్ల మీదికి వస్తుందా?
3. స్టవ్‌ని బయటి గోడకి మార్చే వీలుందా? ఐలాండ్ మీద స్టవ్ అయితే హుడ్ ఎలా పెడతారు?
4. గ్యాస్ పెట్టినా, స్టవ్ వెనక 240 వోల్టుల లైను ఇప్పుడే లాగుతారా?
5. ప్యాంట్రీలో నడుమెత్తు అర, ప్లగ్ ఇస్తారా?
6. కౌంటర్ ప్లగ్గులు ఎన్ని సర్క్యూట్ల మీద ఉన్నాయి?
7. స్మోక్ అలారం స్టవ్‌కి ఎంత దూరం, ఏ రకం?

సమాధానాలు మాటల్లో కాదు, కాగితం మీద రాయించుకోండి. గోడలు మూసేముందు ఒకసారి వెళ్లి గొట్టం కళ్లతో చూడండి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి. డబ్బు దేనికి తగ్గించాలో తెలియకపోతే గిన్నె కింద కుళాయి, గాజు తలుపుల కేబినెట్లు, రెండో ఓవెన్ తీసేయండి. అవి ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. గోడలో గొట్టం మాత్రం ఇప్పుడు పడాలి.

మొన్న వేసవిలో అత్తయ్య మళ్లీ వచ్చారు. మొదటి రోజు అలవాటుగా చిన్న పొయ్యి ఎక్కడుందని అడిగారు. ఎవరికో ఇచ్చేశానని చెప్పాను. హుడ్ వేసి, ఆవిడని బయటికి తీసుకెళ్లి పక్కగోడ మీద మూత తెరుచుకుని గాలి రావడం చూపించాను. చెయ్యి పెట్టి చూసుకున్నారు. ఆ సాయంత్రం వెనక బర్నర్ మీద ఎండుమిరపకాయలు వేయించారు. ఘాటు అసలు రాలేదని చెప్పను, వచ్చింది. కానీ అలారం మోగలేదు, మేడ మీద ఎవరూ దగ్గలేదు. మా పెద్దమ్మాయి ఐలాండ్ దగ్గర కూర్చుని హోంవర్క్ చేసుకుంటూ, "నానమ్మా, ఆ పొడితో రేపు ఇడ్లీ పెట్టు" అంది.

ఇప్పుడు పొద్దున్నే పోపు పెట్టే ముందు ఫ్యాన్ స్విచ్ వేయడం దాని పనే.